భృతి పొందుచు మరల మగ్గమెక్కవచ్చునా?

గత నెల మజూరీ బట్వాడా నాటి సాయంకాలము పద్దు పుస్తకము మూయుచుండగా, మన సభ్యులలో ఒకరి కుమారుడు వచ్చి బల్ల ప్రక్కన నిలబడినాడు. ఎడమచేతికి తువ్వాలు చుట్టుకొని యున్నాడు. అంబత్తూరులో ఒక చిన్న కర్మాగారములో పనిచేయుచు, రెండేండ్ల క్రిందట యంత్రములో చేయిపడి ఉంగరపు వ్రేలు, చిటికెనవ్రేలు మొదలంట పోగొట్టుకొన్న కుర్రవాడు.

"సెక్రటరీ గారూ, నాన్న మగ్గం మీద నెలకి ఆరు చీరెలు దించుతున్నాను. మజూరీ మాత్రం అమ్మ పేర రాయండి. నా పేరు పుస్తకంలో కనబడితే ఈ.ఎస్.ఐ. డబ్బు ఆపేస్తారంట" అన్నాడు.

"ఎవరు చెప్పారు నాయనా?" అని అడిగితిని. ఎవరో చెప్పినారట. ఆ చెప్పినవారికి ఇంకెవరో చెప్పినారట.

ఇట్టి కోరిక వినుట నాకు మొదటిసారి కాదు. సుమారు పదేండ్ల క్రిందట మరొక సభ్యుడు ఇదే బల్ల వద్ద ఇదే మాట అడిగినాడు. ఒక మిల్లులో పనిచేయుచుండగా ఆయనకు బొటనవ్రేలు పోయినది. నెలనెల భృతి వచ్చుచున్నది. ఇంటివద్ద మగ్గమున్నది, నేయగలడు, కాని పేరు కనబడరాదు. పోనీ పాపమని నేనును ఆలోచింపక ఆయన నేసిన బట్టకు మజూరీ భార్య పేర వ్రాసినాను. నాలుగు సంవత్సరములు అట్లే జరిగినది. ఆ తరువాత ఆయన నేతకారుల ముద్రా ఋణమునకు దరఖాస్తు పెట్టుకొన్నప్పుడు, సంఘములో ఆయన నేసినట్లు చూపుటకు ఒక్క పంక్తి లేదు. విచారణకు వచ్చిన అధికారి "ఈయన నేతగాడని ఏమి ఋజువు?" అని అడిగితే నావద్ద సమాధానము లేకపోయినది. అంతకన్న బాధ కలిగించిన సంగతి తరువాత తెలిసినది. ఆయనకు వచ్చుచున్న భృతి పనిచేసినంత మాత్రమున ఆగునది కానే కాదు! నాలుగేండ్లు భార్యాభర్తలు భయపడుచు దాచినది ఊరకనే దాచినారు. ఆ తప్పు నాది. నిబంధన చదువకుండ కలము పట్టినాను. అందుచేత ఈమారు కుర్రవాని కోరికకు జవాబు చెప్పకముందు కాగితములు తెప్పించి చదివినాను. చదివినది మన కుటుంబములన్నిటికి ఉపయోగపడునని ఇక్కడ వ్రాయుచున్నాను.

ముందుగా మనసున పెట్టుకొనవలసినది ఒకటి కలదు. దెబ్బతిన్న మనిషికి వచ్చు డబ్బంతయు ఒకే జాతిది కాదు. పనికి పోలేని రోజులకు మజూరీకి బదులుగా వచ్చునది ఒకటి. పోయిన అవయవమునకును, దానితోపాటు పోయిన సంపాదన శక్తికిని వచ్చునది వేరొకటి. ఆదాయము లేనివారని చూచి ప్రభుత్వము ఇచ్చు పింఛను మరియొకటి. మొదటిది పనికి పోయిన నాటినుండి ఆగును. రెండవది ఆగదు. మూడవది దాని షరతులను బట్టి యుండును. మన ఇండ్లలో ఈ మూడింటిని కలిపి "వికలాంగుల డబ్బు" అనుటచేత, మొదటిదానికి ఉన్న నిబంధనను రెండవదానికి కూడ తగిలించి భయపడుచున్నాము.

ఈ.ఎస్.ఐ. మనకెందుకని కొందరు సభ్యులు అడుగవచ్చును. నిజమే, ఇంటివద్ద సంఘము నూలు తెచ్చుకొని నేయువానికి యజమాని లేడు. కావున ఈ.ఎస్.ఐ. అతనికి వర్తించదు. కాని చెన్నపట్నములో కేవలము మగ్గము మీదనే బ్రతుకు ఇల్లు నేడెన్ని కలవు? చింతాద్రిపేటను 1734లో నేతగాండ్ర కొరకే కట్టించినారు. "తరి" అనగా అరవములో మగ్గము. చిన్న మగ్గముల పేట యనియే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. నేడు ఆ పేటలో మగ్గముల చప్పుడు వెదకికొనవలెను. మన కొడుకులు, కూతుళ్ళు అంబత్తూరు, గిండీ, తాంబరము వైపు కుట్టు కర్మాగారములకును, యంత్రశాలలకును పోవుచున్నారు. పది మందికి తక్కువ కాకుండ పనిచేయు కర్మాగారమైనచో వారికి ఈ.ఎస్.ఐ. ఉండును. జీతపు హద్దును 2017 జనవరి 1 నుండి నెలకు 21,000 రూపాయలు చేసినారు. వికలాంగులకు అది 25,000. అక్కడ దెబ్బతిన్నవారు తిరిగివచ్చునది మన మగ్గము వద్దకే గనుక ఈ విషయము మన పత్రికలో వ్రాయదగినదే.

ఈ నిబంధనలకు పూర్వకథ కొంత కలదు. 1923లో పనివారల నష్టపరిహార చట్టము వచ్చినది. పెరంబూరు బకింగ్‌హాము, కర్ణాటికు మిల్లులలో వేలాదిమంది పనిచేయుచున్న దినములవి. 1918 ఏప్రిల్ 27న ఆరంభమైన మద్రాసు లేబరు యూనియను ఆ మిల్లు కార్మికులదే. 1996లో ఆ మిల్లులు మూతపడినవి. ఆ 1923 చట్టము క్రింద పరిహారము ఇచ్చుకొనవలసినది యజమాని. ఆయన ఇవ్వనిచో కార్మికుడు కమీషనరు వద్దకు తిరుగవలెను. 1944లో బి. పి. అదార్కరుగారు యజమానులు, కార్మికులు చందాలు కట్టు బీమా పద్ధతి కావలెనని నివేదిక యిచ్చినారు. 1948లో చట్టమైనది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోను, ఢిల్లీలోను ఆరంభించినారు. 1955లో మద్రాసు రాష్ట్రమునకు వచ్చినది. ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లండులో, 1948 జూలై 5 నుండి, పనిలో దెబ్బతిని అంగము పోయినవానికి భృతి ఏర్పరచినారు. మనిషి మరల ఎంత సంపాదించుకొన్నను పోయిన అంగమునకిచ్చు భృతి తగ్గరాదని వారి పద్ధతి. మన శాశ్వత అశక్తత భృతి నడుచునదియు అట్లే. మన పాత చట్టములు రెండును 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరినవి. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. సెక్షనుల సంఖ్యలు మారినవిగాని ఇక్కడ చెప్పబోవు మూలసూత్రములు మారలేదు.

ఇక మొదటి జాతి డబ్బు సంగతి. దీనిని తాత్కాలిక అశక్తత భృతి యందురు. పనిలో దెబ్బ తగిలి, ఆ దినము గాక కనీసము మూడు దినములు పనికి పోలేనివానికి, సగటు దినసరి జీతములో నూటికి 90 వంతున ఇత్తురు. డాక్టరు ధ్రువపత్రము ఇచ్చుచున్నంతకాలము వచ్చును. ఇది మజూరీకి బదులు వచ్చునది. కావున జీతము తీసికొని పనిచేసిన దినమునకు ఇది రాదు. ఒకే దినమునకు రెండు మజూరీలు లేవని అర్థము. కర్మాగారములో సెలవు పెట్టి, భృతి తీసికొనుచు, ఇంట సంఘపు చీరె నేసి మజూరీ పుచ్చుకొనుట ఈ కారణముననే తప్పు. పేరు మార్చి వ్రాయించినను తప్పే. బయటపడిన యెడల తీసికొన్నది తిరిగి కట్టవలెను, తప్పుడు మాట చెప్పినందుకు శిక్షయు కలదు. ఈ కాలములో మజూరీ పేరు మార్చి వ్రాయమని ఎవరడిగినను నేను వ్రాయను. పదేండ్ల క్రిందటి సెక్రటరీని కాను.

ఈ భృతి పుచ్చుకొనువారు పాటించవలసిన నియమములు మరికొన్ని కలవు. ఈ.ఎస్.ఐ. వైద్యములోనే యుండవలెను. గాయము మానుటకు అడ్డు వచ్చు పనులు చేయరాదు. పిలిచినప్పుడు పరీక్షకు పోవలెను. అనుమతి లేక ఊరు విడిచి పోరాదు. ఈ చివరిది మనవారికి బొత్తిగా పట్టదు. చీరాలలో పెండ్లి, వెంకటగిరిలో జాతర అని పది దినములు పోయి వచ్చి, ఆ పది దినముల భృతి ఎందుకు రాలేదని సంఘము మీద కేకలు వేయుదురు. డాక్టరుతో ఒక మాట చెప్పి అనుమతి పొందుట పెద్ద కష్టము కాదు. ఈ కాలములో యజమాని పనినుండి తొలగించుటకు వీలులేదని కూడ తెలిసికొనవలెను.

పనికి తిరిగిపోవు వేళ డాక్టరు తుది ధ్రువపత్రము ఇచ్చును. అది చేతికి రాకముందే, యజమాని "తేలిక పని ఇస్తాను, రా" అన్నాడని పోవద్దు. పత్రముతో పోయిన తరువాత అదే గాయము తిరుగబెట్టినచో మరల డాక్టరు వద్దకు పోవచ్చును, భృతియు మరల అడుగవచ్చును. పత్రము లేక పోయినవాడు రెంటికిని చెడును.

రెండవ జాతి డబ్బు శాశ్వత అశక్తత భృతి. గాయము మానినది, వ్రేలు మాత్రము తిరిగిరాదు. అప్పుడు మెడికల్ బోర్డు కూర్చుండి సంపాదన శక్తి నూటికి ఎంత పోయినదో నిర్ణయించును. చట్టమునకు చేర్చిన పట్టికలో కొన్ని అంగములకు లెక్క ముందే కట్టి యున్నది. ఒక చేతి బొటనవ్రేలు పోయినచో 30. చూపుడువ్రేలు మొత్తము పోయినచో 14, నడిమివ్రేలికి 12, ఉంగరపు వ్రేలికి గాని చిటికెనవ్రేలికి గాని 7. ఒక చేతి రెండు వ్రేళ్ళు పోయినచో 20, మూడు పోయినచో 30, నాలుగును పోయినచో 50. రెండు చేతులు పోయినచో నూటికి నూరు. వ్రేలు పోకపోయినను మణికట్టు బిగిసిపోవుట, నరము తెగుట వంటివి పట్టికలో దొరకవు. వాటిని బోర్డే చూచి నిర్ణయించును.

మన కుర్రవానికి రెండు వ్రేళ్ళు, అనగా 20. సగటు దినసరి జీతము 600 రూపాయలు అనుకొందము. అందులో 90 వంతు 540. దానిలో నూటికి 20 వంతున 108 రూపాయలు. ఇది దినమునకు. ఆదివారమని, పండుగయని తీసివేయక ముప్పది దినముల నెలకు 3,240 రూపాయలు. శాశ్వతమని తేల్చినది జీవితాంతము వచ్చును. రేటు బొత్తిగా చిన్నదైనచో ఒకేసారి మొత్తముగా పుచ్చుకొను వీలుకూడ కలదు. జీవించియున్నట్లు ధ్రువపత్రము ఎప్పటికప్పుడు ఇచ్చుచుండవలెను. అది ఇవ్వక డబ్బు నిలిచిపోయినవారే "పని చేస్తున్నానని ఆపేశారు" అని ఊరంతయు చెప్పుచుందురు. ఈ పుకారులో సగము అక్కడనే పుట్టినదని నా అనుమానము.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ భృతి పుచ్చుకొనుచు పని చేయవచ్చునా? చేయవచ్చును. పాత కర్మాగారములో చేయవచ్చును, వేరొక చోట చేయవచ్చును, ఇంట మగ్గము మీద చేయవచ్చును. మజూరీ ఎంత వచ్చినను దీనిలో కోత లేదు. ఎందుకనగా ఇది పని లేనందుకు ఇచ్చునది కాదు, వ్రేళ్ళు పోయినందుకు ఇచ్చునది. మగ్గమెక్కినంతమాత్రాన వ్రేళ్ళు మొలవవు గదా! మరల ఈ.ఎస్.ఐ. ఉన్న చోట పనిలో చేరి జ్వరము తగిలి పడుకొన్నచో, ఆ జబ్బు భృతియు దీనితోపాటు పొందవచ్చును. జబ్బు భృతిని తాత్కాలిక అశక్తత భృతితో కలిపి ఇవ్వరుగాని, శాశ్వత భృతికి ఆ అడ్డు లేదు.

"బోర్డు మరల పిలిచి, పని చేస్తున్నావు గనుక శాతం తగ్గిస్తామంటే?" అని కుర్రవాడు అడిగినాడు. మంచి ప్రశ్న. బోర్డు మొదట తాత్కాలికముగా నిర్ణయించి, కొంతకాలమునకు మరల చూచుట కలదు. అప్పుడు చేతి స్థితిని ఉన్నదున్నట్లు చూపవలెను. తుది నిర్ణయము అయిన పిమ్మట దానిని తిరుగదోడుటకు కారణములు రెండే. విషయము దాచియో అబద్ధము చెప్పియో నిర్ణయము పొందినట్లు క్రొత్త సాక్ష్యము దొరకుట ఒకటి. గాయము అనుకోని విధముగా మిక్కిలి ముదురుట రెండవది. ఆ రెండింటిలో "పనిచేసి సంపాదించుట" అనునది లేదు. కావున భయము పని వలన రాదు, దాచుట వలన రాగలదు. ఇది ఎంత విచిత్రమో చూడుడు. భృతి పోవునని పేరు దాచినవాడు, రేపు ఎవరైనా అర్జీ పెట్టినచో, ఏ తప్పును చేయకుండనే తప్పు చేసినవానివలె నిలబడవలసి వచ్చును.

బోర్డు ముందు ఏమి చెప్పవలెనను దానికి ఒక కోర్టు తీర్పు గుర్తుంచుకొనదగినది. మన ఉత్తరాంధ్రకు ఆనుకొని ఒరిస్సాలో జయపురమున్నది గదా, అక్కడ 1968 జూలై 6న ఒక వడ్రంగి సినిమాహాలులో చెక్కపని చేయుచు పైనుండి పడినాడు. ఎడమచేయి మోచేతికి పైన తీసివేయవలసి వచ్చినది. అది 1923 చట్టము క్రింది వ్యాజ్యము. ఒక చేయి మిగిలియున్నది గనుక అశక్తత పాక్షికమేనని యజమాని వాదించినాడు. 1975 డిసెంబరు 4న సుప్రీంకోర్టు ఆ వాదన త్రోసివేసినది. వడ్రంగపు పని ఒంటిచేతితో జరుగదు, కావున ఈ మనిషికి పోయినది నూటికి నూరని చెప్పినది. కమీషనరు విధించిన 9,800 రూపాయల పరిహారమును, దానిమీద జుల్మానాను, వడ్డీని ఖాయపరచినది. అంగము ఏదని మాత్రమే గాక, ఆ మనిషి చేయుచుండిన పనికి ఆ అంగము ఏమేరకు కావలెనని చూడవలెనన్నమాట.

దీనినుండి మనవారు ఒకటి నేర్చుకొనవచ్చును. డాక్టరుగారికి మగ్గము సంగతి తెలియదు. తెగిన పోగు అతుకుటకు బొటనవ్రేలి కొన, చూపుడువ్రేలి కొన ఎట్లు కలియవలెనో, పన్నెలో పోగు ఎక్కించుటకు ఏ వ్రేలు కావలెనో ఆయనకెవరు చెప్పుదురు? మనమే చెప్పవలెను. నోటితో చెప్పుట చేతకానిచో ఒక పోగు తీసికొనిపోయి అతికి చూపవలెను. అట్లని కదలగల వ్రేలిని కదలదని చెప్పవద్దు. నిర్ణయము తక్కువనిపించినచో దానిమీద అప్పీలు ట్రిబ్యునలుకును, ఈ.ఎస్.ఐ. కోర్టుకును పోవచ్చును. గడువు దాటకముందే పోవలెను.

ఈ.ఎస్.ఐ. లేని చిన్న కర్మాగారములో దెబ్బతిన్నవారికి 1923 నాటి పద్ధతియే ఆధారము. అంగము శాశ్వతముగా పోయినచో ఒకే మొత్తము ఇత్తురు. దానిని పుచ్చుకొని పనికి పోవుటకు ఎవరి అడ్డును లేదు. తాత్కాలికమైనచో పదునైదు దినములకొకసారి నెల జీతములో నాలుగవ వంతు ఇత్తురు. ఇందులో ఒక న్యాయమైన ఏర్పాటు కలదు. మనిషి కొద్దికొద్దిగా పని మొదలుపెట్టి తక్కువ సంపాదించుచున్నచో చెల్లింపు అంతటితో తెగదు. పూర్వపు సగము నెల జీతమునకును, ఇప్పటి సగము నెల జీతమునకును గల తేడాకు మించకుండ ఇత్తురు. అనగా సగము పని చేయువానికి కొంత ఆధారము మిగులును.

ఇక మగ్గమే ఆధారమైన మన సభ్యుల సంగతి. వీరికి యజమానియు లేడు, బోర్డును లేదు. ప్రమాదము జరిగినచో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నది. 18 మొదలు 70 ఏండ్ల లోపు బ్యాంకు ఖాతాదారులు చేరవచ్చును. 2022 జూన్ 1 నుండి సంవత్సరమునకు 20 రూపాయలు ఖాతానుండి విరుగును. ప్రమాదములో మరణమునకు గాని పూర్తి శాశ్వత అశక్తతకు గాని రెండు లక్షలు. ఒక కంటి చూపు పూర్తిగా పోయినను, ఒక చేయి గాని ఒక పాదము గాని పనికిరాకుండ పోయినను ఒక లక్ష. ఈ డబ్బు ఒక్కసారి వచ్చునది. తరువాత నేసినారా లేదా అని ఎవరును అడుగరు. అయితే ఇది ప్రమాదమునకు మాత్రమే. పక్షవాతము వచ్చి చేయి పడిపోయినచో రాదు. ఒకటి రెండు వ్రేళ్ళు పోయినను రాదు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ ఇరువది రూపాయలు లేక బీమా తెగిపోయినవారు మన సభ్యులలో కలరని వ్రాయుటకు సిగ్గుగానున్నది.

ప్రభుత్వపు పింఛను మాత్రము వేరు లెక్క. తమిళనాడులో వికలాంగుల పింఛనును 2023 జనవరి నుండి 1,500 రూపాయలు చేసినారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 3,000 నుండి 6,000 చేసినారు. కేంద్రము 2009లో ఆరంభించిన పథకము నూటికి 80కి తక్కువ కాని వైకల్యముగల నిరుపేదలకు. ఇవి అక్కరను చూచి ఇచ్చునవి. ఆదాయము, ఆస్తి, వైకల్యపు శాతము అడుగుదురు. కావున ఇక్కడ "పని చేసినను ఏమియు కాదు" అని నేను చెప్పజాలను. మజూరీ పెరిగి ఆదాయము హద్దు దాటినచో పింఛను పోవచ్చును. చేయవలసినది ఒకటే. మంజూరు ఉత్తరువు మీది షరతులు చదివించుకొని, అనుమానమున్నచో తాలూకా కచేరిలో సామాజిక భద్రతా తహసీల్దారును వ్రాతపూర్వకముగా అడిగి, జవాబు దాచుకొనవలెను. నెలకు 1,500 పింఛను కొరకు నెలకు ఏడెనిమిది వేలు తెచ్చు నేత మానివేసి కూర్చున్న సభ్యుడొకరు కలరు. ఆయన లెక్క ఆయనకు తెలియును గాని నాకు మాత్రము అది లెక్కగా కనబడలేదు. అయితే ఆయన భార్య ఒక మాట అన్నది: "నేత వస్తుందో రాదో దేవుడికెరుక, పింఛను మాత్రం ఠంచనుగా వస్తుంది కదయ్యా." నూలు లేక మూడు నెలలు మగ్గము నిలిపిన సంఘపు సెక్రటరీగా నేను దానికి బదులు చెప్పలేకపోయినాను. అమెరికాలో ఈ చిక్కును గుర్తించి, అశక్తత భృతి పొందువారికి తొమ్మిది నెలలు పనిచేసి చూచుకొను అవకాశమిచ్చినారు. ఆ నెలలలో ఎంత సంపాదించినను భృతి నిలుపరు. మన పింఛనులకు అటువంటి గడువు పెట్టించుట మన సంఘములు అడుగదగిన కోరిక.

డబ్బు సంగతి తేలినను చేయి మగ్గమునకు ఒప్పుకొనవలెను గదా. వెల్లూరు ఆసుపత్రిలో 1940ల చివరినుండి పాల్ బ్రాండు డాక్టరుగారు కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి వ్రేళ్ళు చాపునట్లు చేసినారు. కొందరు తిరిగివచ్చి, ఈ చేతులతో బిచ్చము పుట్టుట లేదు, పని ఎవరును ఇచ్చుట లేదు అని మొరపెట్టుకొన్నారట. అప్పుడాయన, చేతిని బాగుచేయుట సగము పనియే అని గ్రహించి, అక్కడనే ఒక నిలయము పెట్టి వడ్రంగము మున్నగు పనులు నేర్పించినారు. మన ఊళ్ళోనే స్టాన్లీ ఆసుపత్రిలో చేతి శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగము కలదు. డెబ్బయ్యవ దశకము ఆరంభములో ఆర్. వెంకటస్వామి డాక్టరుగారు స్థాపించినది. వాషర్మన్‌పేట మనవారికి నడచి పోదగినంత దూరము. తెగిన వ్రేలు సంగతి సరే, బిగిసిన వ్రేలిని వ్యాయామముతో కదలించుట కూడ అక్కడ నేర్పుదురు. మగ్గము పని చేయువాడనని మొదటనే చెప్పవలెను. వేరొక పని నేర్వదలచినవారికి గిండీలో కేంద్ర ప్రభుత్వపు వికలాంగుల వృత్తి శిక్షణ కేంద్రమున్నది.

మగ్గమును మనిషికి తగినట్లు మార్చుట మన చేతిలోని పని. కాలు దెబ్బతిన్నవానికి గుంట మగ్గము కష్టము. దిగుట, ఎక్కుట, తొక్కుట మూడును కాలి మీదనే. చట్రపు మగ్గము వేసి, ఎత్తు సరిపెట్టి, తొక్కుడు పలకలను మంచి కాలివైపు జరిపినచో సాదా బట్ట నేయగలరు. జాకార్డు తొక్కుట కష్టమైనవారికి దానిని ఎత్తు మోటారు కలదు. కేంద్ర చేనేత పథకము క్రింద ఇట్టి సామగ్రి వెలలో నూటికి 90 ప్రభుత్వము భరించును, పదవ వంతు మనము కట్టవలెను. చేయి దెబ్బతిన్నవాడు మొదటి నెలలోనే చీరెకు పోక కండెలు చుట్టుట, ఆసు పోయుట మొదలుపెట్టి, పిమ్మట అంచులేని తువ్వాళ్ళు నేసి చూచుకొనుట మేలు. కాని ఆ కండెల మజూరీయైనను అతని పేరనే వ్రాయవలెను.

ఆ కుర్రవాడు ఎట్లు నేయుచున్నాడో చూచుటకు వారింటికి పోయినాను. కుడిచేత తాడు పిడి లాగుచున్నాడు, ఎడమచేత మూడు వ్రేళ్ళతో పన్నె పలక పట్టుకొని కొట్టుచున్నాడు. పోగు తెగినప్పుడు మాత్రము తండ్రికన్న ఆలస్యము. ఎడమ అరచేతిలో పట్టు నిలువదు. వాళ్ళ నాన్న పలకకు ఒక తోలుపట్టీ కట్టి, చేయి అందులో దూర్చునట్లు చేసినాడు. "ఇది ఎవరు చెప్పారు మామా?" అంటే, "ఎవరు చెబుతారు? వాడి చెయ్యి చూస్తుంటే తోచింది" అన్నాడు.

వాని బోర్డు కాగితము, భృతి రసీదులు నేను చదివినాను. తుది నిర్ణయము, 20, శాశ్వతము. మజూరీ పుస్తకములో క్రొత్త పుట తీసి వాని పేరు వ్రాసినాను, వెనుకటి నెల ఆరు చీరెలును ఆ పుటలోనే ఎక్కించినాను. వాడు ఎడమచేతితో పుస్తకము అదిమిపట్టి కుడిచేత సంతకము చేసినాడు.

బంధువుల పేర మజూరీ వ్రాయించుకొనుచున్న సభ్యులు మరికొందరు కలరని నేనెరుగుదును. అట్టివారు తమకు వచ్చు భృతి కాగితమును, బ్యాంకు పుస్తకమును వచ్చే బట్వాడా దినమున తెచ్చినచో, అది ఏ జాతి డబ్బో కలిసి చదువుకొందము.